పంపించినట్టా, వచ్చినట్టా

అప్సర సర్కిల్లో నా దోశల బండి కాడ
పొద్దు గూకితే చాలు
దోశ కంటే ముందు రేటు అడుగుతారు.
"ఎంత నడుస్తాండాది రా?"
"అవును అరవై రెండు. కాదు ముప్పై ఎనిమిది."
శెనక్కాయలు కాదు, బంగారం కాదు,
కడాకు క్రికెట్టు గూడా కాదు.
మా దస్తగిరమ్మ.

నెలాఖరు లోపల ఆమెను కువైట్ నుంచి
వెనక్కి పంపిస్తారా, పంపించరా.
ఫోన్లో పెట్టినారు ఈ పందెం.
నూరు రూపాయల నోటును నిలువునా చించి
ఒక ముక్క అవును, ఒక ముక్క కాదు.
గెలిచిన ముక్కకు నూరు.
రెండోది పొయ్యిలోకి.

బుగ్గవంక నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడు
విమానమెక్కిన మనిషి.
ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనిచ్చి మాట్లాడేది.
"అదో, ఆ బీరువాలో నా పాస్‌పోర్టు.
దానికి ఏసీ. నాకు వంటింటి గచ్చు.
వచ్చే జన్మకు పాస్‌పోర్టుగా పుడతా జనాలారా."
మూడు లక్షల మంది నవ్వినారు.
ఆ ఇంటి బాబా నవ్వలే.

పెంచలయ్య ఆటో కంతు ఎగ్గొట్టి అవును కొన్నాడు.
సొంత చిన్నాయన కొడుకు ఓబులేసు, వాడూ అవునే.
"ప్రేమ వేరు పెద్దక్కా, రేటు వేరు."
వీడియోలో ఆమె దగ్గితే రెండు రూపాయలు లేస్తాది.
కొత్త చీర కడితే నాలుగు పడతాది.

నేనూ పోయొచ్చిందాన్నే, పదకొండేండ్ల కిందట.
నా మీద ఎవడూ పైసా కాయలే.
ఆఫీసరు ఒక అరబ్బీ కాగితం పెట్టి
ఇక్కడ అని చూపించినాడు.
వేలేసినా.
విమానంలో పక్క సీటామె నకలు చదివి చెప్పింది:
'నా ఇష్టంతోనే పోతాండాను' అని ఉండాదంట.

ఒక రాత్రి పెనం తోముతాంటే ఫోన్.
గొంతు బాగా తగ్గించి,
"అక్కా, ఈ పొద్దు నేనెంత?"
"అరవై నాలుగు."
"నేను పంపిన ఎనభై వేలు నీ కాడుండాయి గదా.
అన్నీ అవును మీద పెట్టు.
పంపితే ఉత్త చేతుల్తో రాను.
పంపకుంటే జీతముండాది."
"నీ మీద నువ్వేనా మే?"
"నా సంగతి నాకంటే ఎవురికి తెలుసు?"

మా పిల్లోని చేత పెట్టించినా.
తెల్లారేసరికి డెబ్బై ఒకటి.
"లోపలి మనిషెవడో కొన్నాడ్రా,
వానికి సమాచారముండాది," అంటాండాడు పెంచలయ్య.
నేను తలకాయ ఎత్తకుండా
దోశకు ఎర్రకారం పూస్తాండా.

ఆ తర్వాత గదా పిల్లోడు
అడుగున చీమల్లాంటి అక్షరాలు చదివింది.
తనంతట తాను తిరిగొస్తే
'కాదు' కిందికి లెక్కంట.
ఫోన్ చేసినా. ఎత్తలే.
మెసేజి పెట్టించినా:
కాగితమిస్తే సంతకం పెట్టొద్దు,
కొట్టినా సరే పెట్టొద్దు.
ఒకటే గీత పడింది. రెండోది పడలే.

ఇరవై ఎనిమిదో తేదీ చీకటి పడ్డాక
బెంగళూరు బస్సు దిగి నేరుగా బండి కాడికొచ్చింది.
చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు.
కాళ్లకు మగోళ్ల చెప్పులు, ఎవరివో.
బాగుండావా అని ఒక్కడూ అడగలే.
"పంపించినారా, నువ్వే వచ్చినావా?"
ఓబులేసు గొంతు ఎండిపోయి ఉండాది.

కవర్లోంచి మడత కాగితం తీసింది.
"సంతకం పెట్టమన్యారు, పెట్టినా.
ఏముండాదో మీరే చూడండి."
అందరూ ఎగబడినారు.
చదవొచ్చినోడు ఒక్కడు లేడు.
ఒకడు ఫోటో తీసినాడు, ఒకడు తల్లకిందులుగా పట్టుకున్యాడు,
ఎవడో దర్గా కాడ అరబ్బీ సారుండాడని పరిగెత్తినాడు.
అవును యాభై. కాదు యాభై.

స్టూలు లాక్కోని కూచుంది.
చెప్పులిడిచి పాదాలు రుద్దుకుంది.
మొదటి దోశ నోరెత్తకుండా తినింది.
రెండోదానికి,
"కారం ఇంగొంచెం బాగా పుయ్యక్కా," అనింది.